రాలిన రేణువును వెంబడించండి: ఒక యువ రచయితకు లేఖ

ప్రియ మిత్రునికి,

భూమి ఉపరితలం ఎలా రూపుదిద్దుకుంటుందో వివరిస్తూ మీరు రాసి పంపిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. వాక్యం మీకు వశమైంది, దాని గురించి నేను చెప్పవలసింది లేదు. నా అభ్యంతరమల్లా మొదటి పేరాలోని శిల్పితోనే. గాలి, వాన, నది కలిసి శిల్పి ఉలి పట్టినట్లు కొండలను చెక్కుతున్నాయని మీరు రాశారు. ఆ ఉపమానం ఎందరి చేతుల్లోనో అరిగిపోయిందన్నది చిన్న లోపం. చదువరిని అది తప్పుదారి పట్టిస్తుందన్నది పెద్ద లోపం. శిల్పి మనసులో ముందే ఒక రూపం ఉంటుంది, అతని పని ఏదో ఒకనాటికి పూర్తవుతుంది, ఉలి దెబ్బకు రాలిన పొడిని ఎవరూ పట్టించుకోరు. భూమి విషయంలో ఈ మూడింటిలో ఏదీ నిజం కాదు. ముఖ్యంగా మూడోది చూడండి: రాలిన పొడి ఎక్కడికి పోయింది, పోయి ఏమైంది అన్నదే మీ వ్యాసంలో సగం కావలసింది, దాని ఊసే అందులో లేదు.

శైథిల్యాన్నీ క్రమక్షయాన్నీ మీరు ఒకే పనిగా కలిపేశారు. మొదటిది రాతిని ఉన్నచోటనే బలహీనపరచి ముక్కలు చేస్తుంది, రెండోది ఆ ముక్కలను కదిలించి మోసుకుపోతుంది. ఈ తేడా పరీక్షల కోసం గుర్తుపెట్టుకునే నిర్వచనం కాదు, నేల స్వరూపాన్ని నిర్ణయించే పోటీ. రాయి చివికిపోయే వేగం కంటే చివికినదాన్ని నీరు తీసుకుపోయే వేగం తక్కువైనచోట మట్టి మందంగా పేరుకుంటుంది. వేడి, తేమ ఎక్కువగా ఉండే చదునైన ప్రాంతాల్లో కొన్నిచోట్ల పదుల మీటర్లు తవ్వితే గాని గట్టి రాయి తగలకపోవడానికి కారణం అదే. మోసుకుపోయే వేగం ఎక్కువైన నిటారు వాలుల్లో బోడి రాయి మిగులుతుంది. అమెరికా భూగర్భ శాస్త్రజ్ఞుడు గ్రోవ్ కార్ల్ గిల్బర్ట్, యూటాలోని హెన్రీ పర్వతాలను పరిశీలించి 1877లో వెలువరించిన నివేదికలో ఈ సంబంధాన్ని స్పష్టంగా చర్చించాడు. ఈ ఒక్క సంగతి పట్టుబడితే, పక్కపక్కనే ఉన్న రెండు కొండల్లో ఒకదానిమీద అడవి, మరొకదానిమీద బండరాయి ఎందుకున్నాయో మీ చదువరి తనంతట తానే ఊహించడం మొదలుపెడతాడు.

ఇక వ్యాసాన్ని నడిపించడానికి ఏదో ఒక ఆధారం కావాలి గనుక, నా సలహా ఏమిటంటే, ఒక్క గ్రానైట్ బండను తీసుకుని దానిలోని రేణువులను చివరిదాకా వెంబడించండి. బండ పగుళ్లలో చేరిన నీరు గడ్డకట్టినప్పుడు దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది, ఆ ఒత్తిడికి పగులు మరికొంత విచ్చుకుంటుంది. మంచు ఎరగని ప్రాంతాల్లో ఈ పని రసాయనికంగా సాగుతుంది. వాననీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను కరిగించుకుని బలహీనమైన కార్బానిక్ ఆమ్లంగా మారి, గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాన్ని మెల్లగా బంకమన్నుగా మారుస్తుంది, అందులోని పొటాషియం, సోడియం వంటివి కరిగి నదుల్లో కలుస్తాయి. అందులోని మరో ఖనిజం క్వార్ట్జ్ మాత్రం ఇంచుమించు చెక్కుచెదరకుండా ఇసుకగా మిగులుతుంది. అంటే ఒకే బండ మూడు దారులు పడుతుంది: బంకమన్ను నీటిలో తేలుతూ దూరాలకు పోతుంది, ఇసుక నది అడుగున దొర్లుకుంటూ ఆలస్యంగా కదులుతుంది, కరిగిన లవణాలు కంటికి కనబడకుండా సముద్రం చేరుతాయి. హిమాలయాల నుండి గంగ, బ్రహ్మపుత్ర నదులు మోసుకొచ్చిన ఒండ్రు బంగాళాఖాతం అడుగున సుమారు 3000 కిలోమీటర్ల పొడవున మేట వేసి ఉంది. పర్వతం ఎంత ఎత్తుందో చెప్పి ఊరుకునే రచయిత, ఆ పర్వతంలో ఎంత భాగం ఇప్పటికే సముద్రం అడుగున ఉందో చెప్పడం మరచిపోతాడు.

జీవరాశి గురించి మీరు చివర్లో ఒక్క పేరా కేటాయించారు. నాకు అన్నింటికంటే ఎక్కువ అసంతృప్తి కలిగించినది అదే. జీవులు ఈ కథలోకి ఆఖరున వచ్చిన అతిథులు కారు, పైన చెప్పిన ప్రతి పనిలోనూ వాటి ప్రమేయం ఉంది. శిలీంధ్రమూ శైవలమూ కలిసి బతికే లైకెన్లు బోడి రాతిమీద అంటుకుని, తాము స్రవించే ఆమ్లాలతో దాని పైపొరను వదులుచేస్తాయి. వేళ్లూ, మట్టిలోని సూక్ష్మజీవులూ విడిచే కార్బన్ డయాక్సైడ్ వల్ల నేలలోని నీరు వాననీటికంటే ఎక్కువ ఆమ్లగుణం పొందుతుంది. రాళ్లలోని ఇనుము తుప్పుపట్టి నేల ఎర్రబారడానికి కావలసిన ఆక్సిజన్ కూడా జీవుల నుండి వచ్చినదే. సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట సూర్యకాంతితో ఆహారం తయారుచేసుకునే సయనోబాక్టీరియా అనే సూక్ష్మజీవుల పుణ్యమా అని అది వాతావరణంలో పోగుపడడం మొదలైంది.

వానపాములను మాత్రం వదలకండి. చార్లెస్ డార్విన్ 1842లో ఇంగ్లండులోని తన ఇంటి దగ్గరి పొలంలో సుద్ద ముక్కలు చల్లించి, 29 ఏళ్లు ఆగి, 1871లో అక్కడ కందకం తవ్వించాడు. సుద్ద పొర సుమారు 7 అంగుళాల లోతున కనిపించింది. వానపాములు అడుగు మట్టిని తెచ్చి పైన విసర్జిస్తూ పోగా అది అంత కిందికి దిగింది. 1881లో ఆయన ఈ పరిశీలనలన్నిటినీ పుస్తకంగా వెలువరించాడు, ఆయన చివరి గ్రంథం అదే. ఇంత ఓపికతో ఒక చిన్న ప్రశ్నను పట్టుకుని కూర్చోవడం మన రచయితల్లో అరుదు, నాకు కొంచెం అసూయగానే ఉంటుంది.

ఇక్కడే ఒక చిక్కుంది, దాన్ని దాటవేయకండి. జీవులు రాతిని పగలగొడతాయి, పగిలినదాన్ని పట్టి కూడా ఉంచుతాయి. బండ పగుళ్లను విడదీసే చెట్టు వేరు, వాలుమీది మట్టిని జారిపోకుండా కూడా ఆపుతుంది. మొక్కలు నేలమీద విస్తరించకముందు నదులు పరిచిన అవక్షేపాల్లో, బురద గట్టిపడి ఏర్పడిన శిలలు చాలా తక్కువ; సుమారు 45 కోట్ల ఏళ్ల కిందటి నుండి మొక్కలు నేలను ఆక్రమించే కొద్దీ ఆ శిలల వాటా బాగా పెరిగింది. బంకమన్ను ఎక్కువగా తయారైందా, తయారైనది సముద్రంలోకి కొట్టుకుపోకుండా నదీ మైదానాల్లోనే ఆగిందా అన్నది ఆలోచించవలసిన ప్రశ్న, బహుశా రెండూ జరిగి ఉంటాయి. ఉష్ణ సముద్రాల్లో చిలుకచేపలు పగడపు దిబ్బలను కొరికి, మింగి, తెల్లని ఇసుకగా విసర్జిస్తాయి. పగడాలు కట్టినదాన్ని చేపలు కూలుస్తాయి, ఆ కూలినది తీరమవుతుంది. ‘జీవుల పాత్ర’ అన్న ఉపశీర్షికను తీసేసి ఈ సంగతులను వాటి వాటి చోట్లలో కలపండి.

కాలం విషయంలో మీరు ‘వేల సంవత్సరాలుగా’ అని అన్నిచోట్లా ఒకే మాట వాడారు, అది ఎక్కడా సరిపోలేదు. అమెరికాలో కొలరాడో నది గ్రాండ్ కాన్యన్ అనే మహాలోయను ప్రధానంగా గత 50, 60 లక్షల ఏళ్లలో కోసిందని ఎక్కువమంది శాస్త్రజ్ఞులు భావిస్తారు, కాని ఆ లోయ అడుగున బయటపడిన శిలల వయసు 170 కోట్ల ఏళ్లకు పైమాటే. లోయ వయసూ రాతి వయసూ వేరు వేరని చెప్పకపోతే చదువరి రెండింటినీ కలిపేసుకుంటాడు. అలాగని అంతా నింపాదిగానే జరుగుతుందనీ రాయకండి. అమెరికా వాయవ్య భాగంలోని గీరుకుపోయిన లోయలను మహాప్రవాహాలు కోశాయని భూగర్భ శాస్త్రజ్ఞుడు జె. హార్లెన్ బ్రెట్జ్ 1923లో ప్రతిపాదించినప్పుడు, మార్పంతా మెల్లగానే రావాలన్న నమ్మకంతో తోటి శాస్త్రజ్ఞులు దశాబ్దాలపాటు దాన్ని తోసిపుచ్చారు. హిమానీనదం అడ్డుకట్టగా నిలిచిన సరస్సు మళ్లీ మళ్లీ తెగి విరుచుకుపడడమే వాటికి కారణమని తరువాత తేలింది.

గాలికి మీరు ఇచ్చిన ప్రాధాన్యం కొంత తగ్గించవచ్చు. ఎడారుల్లో కూడా లోయలను కోసేది చాలావరకు అరుదుగా కురిసే వానే. అయితే గాలి దుమ్మును మోసే దూరం మాత్రం అసాధారణం: సహారా నుండి లేచిన ధూళి అట్లాంటిక్ దాటి అమెజాన్ అడవికి భాస్వరాన్ని అందిస్తోంది. మనుషుల సాగు వల్ల కలిగే మట్టి కోతకు రెండు వాక్యాలు చాలు, ఉపదేశం వద్దు. అంగుళం మట్టి ఏర్పడడానికి శతాబ్దాలు పడుతుందన్న సంగతి పక్కనే ఉంటే చదువరికి మిగిలినది తెలుస్తుంది.

తిరగరాసేటప్పుడు ప్రకృతి వైచిత్రిని కీర్తించే మీ ముగింపు పేరాను పూర్తిగా తొలగించి, ఆ స్థలాన్ని మీరు అసలు ప్రస్తావించని అంశానికి ఇవ్వండి. సముద్రం అడుగున మేట వేసినది పై పొరల బరువుకు అణగి, ఖనిజాలతో అతుక్కుని, మళ్లీ శిలగా మారి, భూపటలం కదలికలతో పైకి లేస్తుంది. ఎవరెస్టు శిఖరాగ్రాన ఉన్నది సముద్రజీవుల శిలాజాలు గల సున్నపురాయి, అది ఈనాడు మంచుకు పగిలి మళ్లీ కిందికి రాలుతోంది. దీనికి రెండు నిండు పేరాలు కేటాయించినా ఎక్కువ కాదు.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి