తెల్లారేదాకా నిద్ర పట్టట్లేదు, ఎర్రగడ్డ అంటే మా ఆయన వద్దంటున్నారు

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. ఈసీఐఎల్ దగ్గర ఉంటాం, ప్రైవేట్ స్కూల్లో టీచర్‌ని. ఐదు నెలలుగా రాత్రి రెండు దాటినా నిద్ర పట్టట్లేదు. మెడికల్ షాపులో ఇచ్చిన అల్ప్రాజోలమ్ రోజూ వేసుకుంటున్నా. అత్తమ్మ దిష్టి అని తాయెత్తు కట్టించారు. సైకియాట్రిస్ట్‌కి చూపించుకుంటానంటే, ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి పోయిందంటారని మా ఆయన వద్దంటున్నారు. పేపర్లు దిద్దేది కూడా మంచం మీదే.

జవాబు: అమ్మా, ముందు ఆ టాబ్లెట్ సంగతి. ఇది చదివి భయపడి రేపట్నుంచే టక్కున ఆపేయకండి, ఇన్ని నెలలు అలవాటుపడ్డాక ఒక్కసారిగా మానేస్తే గుండెదడ, చేతులు వణకడం, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి, అందుకే డాక్టర్ చూస్తూ డోసు మెల్లగా తగ్గించాలి. అసలు చీటీ లేకుండా అమ్మకూడని మందది, షాపులో అలా ఇచ్చేయడం చూస్తే నాకు చాలా బాధేస్తుంది.

వారానికి కనీసం మూడు రాత్రులు, మూడు నెలలకి మించి ఇలా ఉంటే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటాం. దీనికి మొదటి వైద్యం మాత్ర కాదు, సీబీటీ-ఐ అనే కౌన్సెలింగ్, అంటే నిద్ర చెడగొట్టే అలవాట్లని, ఆలోచనల్ని మార్చడం. మీ చివరి లైన్ చూడగానే నాకు అర్థమైంది. పేపర్లు అక్కడే, ఫోన్ అక్కడే, రేపటి దిగులు అక్కడే, ఇంక మంచం ఎక్కితే చాలు ఒంటికి డ్యూటీ గుర్తొస్తుంది. పేపర్లు హాల్లోకి మార్చండి. పడుకున్నాక ఇరవై నిమిషాలైనట్టు అనిపించి నిద్ర రాకపోతే (గడియారం చూడొద్దు) లేచి పక్క గదిలో చిన్న లైటు కింద కూర్చోండి, కళ్లు మూతలు పడుతుంటేనే మళ్లీ వచ్చి పడుకోండి. రాత్రి ఎంత పాడైనా సరే, ఆదివారమైనా సరే, పొద్దున లేచే టైమ్ మాత్రం మారకూడదు. మొదటి రెండు వారాలు కష్టంగానే ఉంటుందమ్మా, ఓర్చుకోండి. చాయ్ మధ్యాహ్నంతో సరి, కెఫీన్ సగం దిగడానికే ఐదారు గంటలు పడుతుంది. థైరాయిడ్, హిమోగ్లోబిన్ టెస్టులు చేయించుకోండి, గురక ఉంటే అదీ చెప్పండి.

తాయెత్తు ఉండనివ్వండి, అత్తమ్మ ప్రేమతో కట్టించింది, వైద్యానికి అదేం అడ్డం కాదు. మీ ఆయనకి మాత్రం ఈ జవాబు చదివి వినిపించండి. ఎర్రగడ్డ ఓపీకి నిద్ర పట్టనివాళ్లు, దిగులుతో ఉన్నవాళ్లు కూడా వస్తారు, అక్కడికే వెళ్లాలని కూడా లేదు, గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లో సైకియాట్రీ విభాగాలున్నాయి. మన దగ్గర మనసు బాలేదని చెప్పుకోలేక గ్యాస్ అనో, తలనొప్పి అనో ఏళ్ల తరబడి తిరిగేవాళ్లని ఎంతమందినో చూశాను. ముందు ఫోన్లోనే మాట్లాడతానంటే 14416కి చేయండి, అది 2022లో మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఫ్రీ, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. చచ్చిపోవాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా మాత్రం ఆగొద్దు, వెంటనే ఇంట్లో చెప్పి దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి.

వెళ్లేటప్పుడు ఆ టాబ్లెట్ స్ట్రిప్, వారం రోజులు ఎప్పుడు పడుకున్నారో ఎప్పుడు లేచారో రాసుకున్న కాగితం తప్పకుండా పట్టుకెళ్లండి.