కెమెరా సందేహాలు: కొత్త వీడియోకు పాత రీలు రూపం

ప్రశ్న: మా తాతయ్య, నాయనమ్మల పెళ్లయి అరవై ఏళ్లు నిండుతున్న సందర్భంగా, వారి పెళ్లినాటి సంగతులను మా పిల్లల చేత నటింపజేసి, 1960ల నాటి నలుపు తెలుపు సినిమాలా కనిపించేలా పది నిమిషాల వీడియో తీశాను. ఎడిటింగ్ యాప్‌లో ‘ఓల్డ్ ఫిల్మ్’ ఫిల్టర్ వేశాను. గీతలు, మచ్చలు, వణుకు అన్నీ ఉన్నా, చూసినవాళ్లందరూ ‘ఫిల్టర్ వేశావు కదా’ అని ఇట్టే పట్టేస్తున్నారు. లోపం ఎక్కడుంది? (ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: లోపం గీతల్లో లేదు, గీతల కింద ఉన్న బొమ్మలో ఉంది. ఆ ఫిల్టర్లు మూకీల కాలపు ఎగుడుదిగుడు కదలికను, అరిగిపోయిన ప్రింటు గీతలను, పాత ఫొటో ఆల్బమ్‌లోని గోధుమ రంగును కలిపి ఒకే ముద్దగా చేసి బొమ్మ మీద పోస్తాయి. నలుపు తెలుపు సినిమా హాల్లో గోధుమ రంగులో కనిపించేది కాదు. నలుపు నల్లగానే, తెలుపు తెల్లగానే ఉండేవి. కాబట్టి ముందుగా మీరు ఒక నిర్ణయానికి రావాలి: మీరు చూపించబోయేది పెద్ద సెంటర్లో మొదటి వారం ఆడుతున్న ప్రింటా, లేక ఊళ్లన్నీ తిరిగి చివరికి టూరింగ్ టాకీసుకు చేరిన ప్రింటా? మిగిలినవన్నీ ఆ జవాబును బట్టే ఉంటాయి.

తీసేటప్పుడే సగం పని అయిపోవాలి. సెకనుకు 24 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను పెట్టండి. సినిమా కెమెరాలో సగం వృత్తం తెరిచి ఉండే షట్టర్ ఒక్కో ఫ్రేముకు ఇచ్చే సమయం 1/48 సెకను కాబట్టి, కదిలే చేతికి ఉండే ఆ కాస్త మసక దీనితో వస్తుంది. మన కరెంటు 50 హెర్ట్‌జ్ కనుక ట్యూబులైట్ల మిణుకు కూడా తప్పుతుంది. ఎండలో ఆ షట్టర్‌కు బొమ్మ తెల్లబోతుంది కాబట్టి లెన్సు ముందు వెలుగును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ తప్పనిసరి. ఫోన్‌లోని హెచ్‌డీఆర్‌ను, పోర్ట్రెయిట్ మోడ్‌ను ఆపేయండి. ఫోన్ తనంతట తాను అంచులకు పెట్టే పదును వీడియోను పట్టించే మొదటి సాక్షి. దాన్ని ఆపే వీలు లేకపోతే ఎడిటింగ్‌లో మొదట కాస్త మసక వేసి, ఆ తరువాతే మిగతా పని మొదలుపెట్టండి. నాటి కెమెరా బరువైనది. అది స్టాండు మీద నిలబడేది, పట్టాల మీద నెమ్మదిగా నడిచేది. చేతి కుదుపును తగ్గించే జింబల్ పట్టుకొని పెళ్లిపందిరంతా తేలుతూ తిరిగిన షాట్ ఒక్కటి పడినా మీ 1960లు అక్కడితో ముగిసినట్టే.

ఫ్రేము వెడల్పు ఎత్తుకు 1.37 రెట్లు ఉండాలి. తెలుగులో వెడల్పాటి తెరకు తీసే సినిమాస్కోప్ 1974లో ‘అల్లూరి సీతారామరాజు’తో గాని రాలేదు కాబట్టి, పైనా కిందా నల్లపట్టీలు వేసి బొమ్మను సాగదీయడం మీ కథాకాలానికి నప్పదు.

ఇక చీరల సంగతి చాలామందికి తట్టదు. ఎర్రచీరకు ఆకుపచ్చ అంచు కంటికి ఎంత వేరుగా కనిపించినా, నలుపు తెలుపులో రెండూ ఒకే బూడిదరంగులో కలిసిపోవచ్చు. రంగులను కాక, వాటి వెలుగు తేడాను చూసి బట్టలు ఎంచుకోవాలి. ఫోన్‌లో నలుపు తెలుపు ప్రివ్యూ పెట్టుకొని ఒకసారి చూస్తే చాలు. నటుల వెనుక నుంచి జుట్టు అంచున పడేలా ఒక గట్టి దీపం పెడితే, ఏ ఫిల్టరూ ఇవ్వని స్టూడియో రూపం వస్తుంది.

గ్రెయిన్ అంటే ఫిల్మ్ పూతలోని వెండి లవణాల రేణువుల వల్ల ఏర్పడే గరుకుదనం. ప్రతి ఫ్రేమూ వేరే ఫిల్మ్ ముక్క కనుక ఆ గరుకు సెకనుకు 24 సార్లు మారుతుంది. మధ్యస్థపు బూడిద ఛాయల్లో బాగా కనిపించి, చిక్కటి నలుపులో, తెల్లటి వెలుగులో అణగిపోతుంది. తెరంతా సమానంగా ఇసుక చల్లినట్టు వేస్తే అది గ్రెయిన్ కాదు. రెండు సెకన్ల గ్రెయిన్ ముక్కను పదే పదే తిప్పినా కన్ను పట్టేస్తుంది.

గీతలు, మచ్చలు అన్నిటికంటే చివర. నెగెటివ్ మీద పడిన దుమ్ము ప్రింటులో తెల్లచుక్క అవుతుంది, ప్రింటు మీద పడిన దుమ్ము నల్లచుక్క అవుతుంది. నిలువు గీత ఒక్కో ఫ్రేములో ఒక్కో చోటికి గెంతదు; చాలాసేపు దాదాపు ఒకేచోట సన్నగా ఊగుతూ సాగుతుంది. పైగా రీలుకు దెబ్బలు ఎక్కువగా తగిలేది మొదట్లోనూ చివర్లోనూ, ఎందుకంటే ప్రతి ఆటకూ ఆపరేటర్ చేతులు పడేది అక్కడే. వెయ్యి అడుగుల రీలు సుమారు 11 నిమిషాలు నడుస్తుంది, అంటే మీ వీడియో మొత్తం ఒక్క రీలు. మొదటి అరనిమిషం, చివరి అరనిమిషం తెర మీద గీతల వాన కురిపించి, ఆఖరి సెకన్లలో పై కుడిమూలన రీలు మార్పు గుర్తుగా గుండ్రని చుక్కను మెరిపించి, నడుమ భాగాన్ని దాదాపు శుభ్రంగా వదిలేయండి. బొమ్మ ఊపు ఒకటి రెండు పిక్సెళ్లు మించకూడదు. ప్రొజెక్టర్ ఊపు అయితే బొమ్మతో పాటు గీతలూ ఊగాలి.

ప్రశ్న: టీవీలో వేసే కొన్ని 1970ల రంగుల సినిమాలు గులాబీ రంగులో కనిపిస్తాయి. ఆ రూపం ఎలా తేవాలి? (ఒక పాఠకురాలు, కరీంనగర్)

జవాబు: నాటి ఈస్ట్‌మన్ కలర్ ప్రింట్లలో సయాన్ (నీలం, ఆకుపచ్చ కలిసిన) రంగు అన్నిటికంటే ముందు వెలిసిపోవడమే అందుకు కారణం. ఎర్ర వెలుగును అడ్డుకునేది సయానే కాబట్టి, అది పోయాక నీడలు కూడా ఎర్రబారతాయి. బొమ్మ మొత్తానికి గులాబీ పూయకుండా, ఎరుపు ఛానల్‌లో నలుపు స్థాయిని మాత్రమే పైకి ఎత్తండి. నలుపు మెరూన్‌లోకి దిగుతుంది, తెలుపు మాత్రం అంతగా చెడదు. ఈ ప్రింట్ల మీద పూత వైపు పడిన తేలికపాటి గీత ఆకుపచ్చగా కనిపిస్తుంది, ఎందుకంటే ముందుగా గీరుకుపోయేది పైపొరలో ఆకుపచ్చ వెలుగును అడ్డుకునే మెజెంటా (ముదురు గులాబీ రంగు). అయితే విడుదలనాడు హాల్లో కూర్చున్న ప్రేక్షకుడు ఈ గులాబీని చూడలేదని మరవకండి. ఇప్పుడు ఏ గోదాములోనో దొరికిన రీలును చూపిస్తున్నట్టయితేనే ఇది తగినది.

ప్రశ్న: కంప్యూటర్‌లో చక్కగా ఉన్న గ్రెయిన్ వాట్సాప్‌లో పంపేసరికి బురదలా మారిపోతోంది. ఏం చేయాలి? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: వీడియో సైజు తగ్గించే పద్ధతులు చాలావరకు గత ఫ్రేముకూ ఈ ఫ్రేముకూ ఉన్న పోలికల మీద ఆధారపడతాయి. గ్రెయిన్‌కు ఏ రెండు ఫ్రేముల్లోనూ పోలిక ఉండదు కనుక మొదట బలయ్యేది అదే. ఫైలును వీడియోగా కాక డాక్యుమెంటుగా పంపితే సైజు తగ్గించే నొక్కుడు మళ్లీ పడదు. అది కుదరని వారి కోసం గ్రెయిన్ తగ్గించి, గీతలు మాత్రం ఉంచి, వేరే కాపీ ఒకటి తీసుకోండి. గీత నాలుగు క్షణాలు ఒకేచోట ఉంటుంది కాబట్టి నొక్కుడును కొంతవరకు తట్టుకుంటుంది.