డెడ్ అయిన కంప్యూటర్‌ను బాగుచేసిన అబ్బాయి ఏం చదవాలి?

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర ఒక పల్లె. పన్నెండేళ్లుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. మా అబ్బాయి ఈ ఏడాది ఎస్‌ఎస్‌ఎల్‌సీ (పదో తరగతి) పాసయ్యాడు, లెక్కల్లో 71, సైన్సులో 78 మార్కులు వచ్చాయి. వేసవి సెలవుల్లో మా ఇంట్లో కంప్యూటర్ ఆన్ కావడం మానేసింది. ఎస్పీ రోడ్డులో ఒక షాపులో చూపిస్తే మదర్‌బోర్డు పోయిందన్నారు. వీడు ఇంట్లోనే కూర్చుని రెండు రోజుల్లో దాన్ని బాగుచేశాడు. అప్పటి నుంచి అపార్ట్‌మెంటులో ఎవరి కంప్యూటర్ ఆగిపోయినా వీణ్నే పిలుస్తున్నారు. పీయూసీ (మన ఇంటర్) వద్దు, పాలిటెక్నిక్‌లో చేరతాను, హార్డ్‌వేరే నేర్చుకుంటాను అంటున్నాడు. వాళ్ల నాన్న మాత్రం పీయూసీ, ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష సీఈటీ, కంప్యూటర్ సైన్స్ తప్ప మరో మాట వినడం లేదు. వాడు రాసుకున్న నోటు పుస్తకం పేజీల ఫొటోలు పంపుతున్నాను. ఒక కంప్యూటర్ బాగుచేసినంత మాత్రాన చదువు దారి మార్చవచ్చా?

జవాబు: అమ్మా, ఒక కంప్యూటర్ బాగైనంత మాత్రాన ఎవరూ చదువు దారి మార్చుకోకూడదు. ర్యామ్‌ను, అంటే మెమొరీ పలకను, తీసి తుడిచి పెడితే లేచి కూర్చునే కంప్యూటర్లు చాలానే ఉంటాయి, అదృష్టం బాగుంటే ఎవరి చేతిలోనైనా లేస్తాయి. అయితే మీరు పంపిన పేజీలను నేను రెండు మూడు సార్లు చదివాను. వాటిలో యంత్రం బాగుకావడం కంటే విలువైన విషయం ఒకటి కనిపించింది కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదటి పేజీలో మీ అబ్బాయి ఇలా రాసుకున్నాడు: ‘స్విచ్ నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి. మానిటర్‌లో నో సిగ్నల్. కేబుల్ మార్చాను, అదే. మానిటర్‌ను సెట్‌టాప్ బాక్సుకు తగిలించాను, బొమ్మ వచ్చింది. మానిటర్ మంచిదే.’ ఈ చివరి మాట దగ్గర నేను ఆగాను. చాలామంది డబ్బా విప్పడంతోనే పని మొదలుపెడతారు, ఇతను విప్పకముందే అనుమానించవలసిన వాటిలో సగాన్ని ఒక్క పరీక్షతో పక్కన పెట్టేశాడు. ఆ తరువాత పాత క్యాబినెట్‌లోని బుల్లి స్పీకరు ఊడదీసి ఈ బోర్డుకు తగిలించి, రెండు ర్యామ్‌లూ బయటకు తీసి స్విచ్ నొక్కితే బీప్‌లు వినిపించాయని రాశాడు. ర్యామ్ లేదని బోర్డు బీప్ కొట్టాలంటే దానికి విద్యుత్తు సరిగా అందాలి, ప్రాసెసర్ పనిచేయాలి, బోర్డు మీది బయోస్ చిప్పులో ఉన్న, కంప్యూటర్ లేవడానికి కావలసిన తొలి సూచనలను ఆ ప్రాసెసర్ చదవగలగాలి. కాబట్టి ఆ బీప్ వినిపించిన క్షణాన, షాపువారు పోయిందన్న మదర్‌బోర్డు చాలావరకు బతికే ఉందని తేలిపోయింది. మీ అబ్బాయి ఆ పేజీలో ‘బోర్డు చావలేదు’ అని రాసి కింద రెండు గీతలు గీశాడు. పదహారేళ్ల పిల్లవాడు చెవితో విన్న శబ్దం నుంచి కంటికి కనపడని దాని గురించి ఇంత సరైన నిర్ణయానికి రావడం నాకు నిజంగా సంతోషం కలిగించింది.

అదే పేజీలో ఒక తప్పు కూడా ఉంది, దాన్ని మీరు అతనికి చూపించాలి. ర్యామ్ కాళ్లను పెన్సిల్ రబ్బరుతో తుడిచి, అదే సమయంలో బోర్డు మీద ఉండే సీఆర్2032 బిళ్ల బ్యాటరీని కూడా మార్చి, అప్పుడు ఆన్ చేశాడు. కంప్యూటర్ వచ్చింది కానీ, లోపం ర్యామ్ కాళ్లకు పట్టిన మురికిలో ఉందా, బ్యాటరీని తీసినప్పుడు బయోస్ సెట్టింగులు మొదటికి రావడం వల్ల బాగైందా అన్నది అతనికీ తెలియదు, మనకూ తెలియదు. ఒకసారికి ఒక్కటే మార్చి, ఫలితం చూసి, రాసుకుని, ఆ తరువాతే రెండోదాని మీద చెయ్యి వేయాలి. ఇది చాదస్తంగా అనిపించవచ్చు. కానీ నాలుగు వందల కంప్యూటర్లున్న ఆఫీసులో ఒకే రకం లోపం నలభై యంత్రాలకు వచ్చిన రోజున, మొదటి యంత్రాన్ని ఏది బాగుచేసిందో కచ్చితంగా తెలిసిన మనిషి మాత్రమే మిగిలిన ముప్పై తొమ్మిదింటినీ సాయంత్రంలోగా లేపగలుగుతాడు.

రెండో పేజీ నన్ను కొంత కలవరపెట్టింది. పక్కింటివారి ల్యాప్‌టాప్ ‘ఆటోమేటిక్ రిపేర్’ అంటూ తిరిగి తిరిగి అక్కడికే వస్తోందని, ‘ఫార్మాట్ కొట్టాను, బాగైంది’ అని ఒక్క వాక్యంలో ముగించాడు. అందులో వారి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, బ్యాంకు కాగితాలు ఉన్నాయా అని అడిగినట్టు ఎక్కడా లేదు. విండోస్ లేవనప్పుడు డిస్కులోని ఫైళ్లు సాధారణంగా అలాగే ఉంటాయి. విండోస్‌కు బదులుగా వాడే లినక్స్‌ను ఎక్కించిన పెన్ డ్రైవ్‌తో ఆ ల్యాప్‌టాప్‌ను ఆన్ చేసి ముందుగా ఫైళ్లను వేరే డిస్కులోకి తీసుకోవచ్చు, లేదా డిస్కును ఊడదీసి మరో కంప్యూటర్‌కు తగిలించి తీసుకోవచ్చు. డిస్కుకు బిట్‌లాకర్ తాళం పడి ఉంటే 48 అంకెల రికవరీ కీ కావాలి, అది చాలాసార్లు యజమాని మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే దొరుకుతుంది. సేఫ్ మోడ్, సిస్టమ్ రిస్టోర్ వంటివన్నీ ప్రయత్నించాక, యజమానిని అడిగి, వారు సరేనన్నాక చేయవలసిన చివరి పని ఫార్మాట్. ఈ వృత్తిలో యంత్రం కంటే ముందు మనిషిని అడగాలి. ఆగిపోయే ముందు ఏం జరిగింది, కరెంటు పోయి వచ్చిందా, ఏదైనా అప్‌డేట్ ఎక్కిందా, కింద పడిందా, లోపల పోకూడనివి ఏమున్నాయి అన్న ప్రశ్నలు స్క్రూడ్రైవర్ తీయకముందే పూర్తికావాలి.

ఈ పనికి విలువ ఉందా అని మీ వారు అడుగుతారు. 2024 జూలై 19న కంప్యూటర్ల భద్రత చూసే క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల ప్రపంచమంతటా విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయాయి. అలా దెబ్బతిన్నవి సుమారు 85 లక్షలని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. మన దేశంలో విమానాశ్రయాల్లో చేతితో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇచ్చారు. లోపం ఎక్కడుందో కొద్ది గంటల్లోనే తెలిసింది, కానీ లేవని కంప్యూటర్‌కు నెట్ ద్వారా మందు పంపడం సాధ్యం కాదు కాబట్టి, చాలాచోట్ల సిబ్బంది ఒక్కొక్క యంత్రం ముందు కూర్చుని సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, బిట్‌లాకర్ కీ అడిగితే కొట్టి, ఆ అప్‌డేట్‌తో వచ్చిన లోపమున్న ఫైలును తీసివేయవలసి వచ్చింది.

అయినప్పటికీ, మీ అబ్బాయి ఊహించుకుంటున్న హార్డ్‌వేర్ పనికీ, పదేళ్ల తరువాత మిగిలే పనికీ తేడా ఉందని అతనికి చెప్పడం నా బాధ్యత. ఇప్పుడు వస్తున్న పల్చటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, తీసి తుడవడానికి ఏమీ ఉండదు. సర్వీస్ సెంటర్లలో లోపం కనుక్కోవడం తగ్గి, బోర్డుకు బోర్డు మార్చడం పెరుగుతోంది. కేవలం విడిభాగాలు మార్చడం నేర్చుకుని షాపు పెట్టుకోవాలన్నదే లక్ష్యమైతే ఆ దారి ఇరుకవుతోందని చెప్పక తప్పదు. మూడు నెలల హార్డ్‌వేర్ కోర్సులకు పదో తరగతి తరువాత చదువుకు బదులుగా డబ్బు కట్టవద్దు.

మీ వారికీ మీ అబ్బాయికీ మధ్య ఇద్దరికీ తెలియని పని ఒకటి ఈ ఊళ్లోనే ఉంది. 1985లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఇక్కడ తన కేంద్రాన్ని తెరిచినప్పటి నుంచి బెంగళూరులో చిప్పుల రూపకల్పన పెద్ద వృత్తిగా ఎదిగింది. కొత్తగా తయారైన చిప్పు, దాని కోసం చేసిన కొత్త బోర్డు మొదటిసారి బల్ల మీదికి వచ్చినప్పుడు అది చాలాసార్లు వెంటనే లేవదు. దాన్ని లేపడమే కొందరు ఇంజనీర్ల ఉద్యోగం, దాన్ని బోర్డ్ బ్రింగ్-అప్ అంటారు. వారు ముందుగా అన్ని వోల్టేజీలూ సరిగా వస్తున్నాయా అని కొలుస్తారు, తరువాత క్లాక్ నడుస్తోందా, రీసెట్ సంకేతం వదిలిందా, మెమొరీ స్పందిస్తోందా, బూట్‌లోడర్ మొదలైందా అని వరుసగా చూసుకుంటూ వెళతారు. మీ అబ్బాయి మానిటర్ మంచిదే, బోర్డు చావలేదు, ఇక ర్యామ్ చూడాలి అనుకుంటూ నడిచిన దారి సరిగ్గా ఇటువంటిదే. అక్కడ బీప్‌కు బదులుగా విద్యుత్ సంకేతాలను తెర మీద చూపే ఆసిలోస్కోపు ఉంటుంది, రబ్బరుకు బదులుగా సర్క్యూట్ పటం ఉంటుంది. ఆ బల్ల దగ్గరకు చేరాలంటే ఎలక్ట్రానిక్స్ బాగా రావాలి, లెక్కలు వదలకూడదు, చివరికి ఇంజనీరింగ్ డిగ్రీ కూడా చాలావరకు అవసరమవుతుంది.

అందువల్ల నా సలహా ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్ డిప్లొమా. ఇది మూడేళ్లు. పూర్తయ్యాక కర్ణాటక పరీక్షల ప్రాధికార సంస్థ నిర్వహించే డీసెట్ రాసి బీఈ (ఇంజనీరింగ్ డిగ్రీ) రెండో ఏడాదిలో చేరవచ్చు, అక్కడ మరో మూడేళ్లు. పీయూసీ రెండేళ్లు, బీఈ నాలుగేళ్లు కలిపినా ఆరేళ్లే కాబట్టి, కాలం వృథా అవుతుందని మీ వారు భయపడనక్కరలేదు. పైగా మధ్యలో ఇంటి పరిస్థితి మారినా చేతిలో డిప్లొమా ఉంటుంది, దానితో అప్రెంటిస్‌షిప్‌కో డెస్క్‌టాప్ సపోర్ట్ ఉద్యోగానికో వెళ్లవచ్చు. పీయూసీ మధ్యలో ఆగితే ఆ ఆధారం ఉండదు. ప్రభుత్వ పాలిటెక్నిక్‌లలో ప్రవేశం ఎస్‌ఎస్‌ఎల్‌సీ మార్కుల మీదే ఉంటుంది. కె.ఆర్.సర్కిల్ దగ్గరి ఎస్‌జే ప్రభుత్వ పాలిటెక్నిక్‌ను మొదటి ఎంపికల్లో పెట్టండి, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తీసుకుని ఉంచండి. ఈ దారిలో జారే చోటు లెక్కలే. డిప్లొమా నుంచి బీఈకి వెళ్లిన పిల్లలు ఎక్కువగా తడబడేది అక్కడే కాబట్టి, 71 మార్కులు వచ్చాయి కదా అని ఊరుకోకుండా మొదటి సెమిస్టర్ నుంచే లెక్కలకు రోజూ గంట కేటాయించాలి.

ఐటీఐ గురించి మీరు అడగలేదు, అయినా ఎవరో ఒకరు చెబుతారు కాబట్టి రాస్తున్నాను. కోపా అనే ఏడాది కోర్సును చాలామంది హార్డ్‌వేర్ అనుకుంటారు, అది ఆపరేటర్ పని, ప్రోగ్రామింగ్ మొదటి మెట్లు నేర్పేది. హార్డ్‌వేర్‌కు దగ్గరగా ఉండేది ఇన్ఫర్మేషన్ కమ్యూనికేషన్ టెక్నాలజీ సిస్టమ్ మెయింటెనెన్స్ అనే రెండేళ్ల ట్రేడు. త్వరగా సంపాదన మొదలుపెట్టవలసిన ఇంటికి అది మంచిదే, మీ ఉత్తరంలో అటువంటి ఒత్తిడి నాకు కనిపించలేదు. కాంప్‌టియా ఏ ప్లస్ వంటి సర్టిఫికెట్లకు ఇప్పుడు తొందర లేదు, డిప్లొమా చివరి ఏడాదిలో ఆలోచించవచ్చు.

భద్రత విషయంలో మాత్రం మీరు కఠినంగా ఉండండి. క్యాబినెట్ విప్పే ముందు ప్లగ్గు గోడ నుంచి పీకాలి, ర్యామ్ పట్టుకునే ముందు క్యాబినెట్ ఇనుమును ఒకసారి తాకాలి. కంప్యూటర్‌కు విద్యుత్తు అందించే ఎస్‌ఎంపీఎస్ డబ్బాను ఏ కారణంతోనూ విప్పనివ్వవద్దు. మన ఇళ్లకు వచ్చే 230 వోల్టులు దాని లోపల 300 వోల్టులకు పైగా మారి కెపాసిటర్లలో నిలుస్తాయి, ప్లగ్గు తీసిన తరువాత కూడా కొంతసేపు ఆ శక్తి అక్కడే ఉండవచ్చు. ఎస్‌ఎంపీఎస్ మీద అనుమానం వస్తే వేరే మంచిది తగిలించి చూడాలి. ఒక మోస్తరు మల్టీమీటరు కొనివ్వండి, దాన్ని వాడడం తెలిసిన పెద్దవారి పక్కన కూర్చుని నేర్చుకోమనండి. పన్నెండు వోల్టుల తీగలో 11.4 నుంచి 12.6 లోపు రావాలన్న సంగతి పుస్తకంలో చదవడం వేరు, ముల్లు కదలడం తన కంటితో చూడడం వేరు.

అడ్మిషన్లకు ముందు ఒక ఆదివారం తండ్రీ కొడుకులను కలిసి కూర్చోమనండి. ఆ మొదటి పేజీని మీ అబ్బాయే వాళ్ల నాన్నకు ఒక్కో వాక్యం చదివి, ప్రతి పరీక్షా ఎందుకు చేశాడో చెప్పాలి. ఆయన మధ్యలో ప్రశ్నలు అడగాలి. ఆయన ఎంత కోపంగా ఉన్నా ఆ వివరణ విన్న తరువాతే నిర్ణయం చెబుతానని ఒప్పుకోవాలి. విన్న తరువాత కూడా పీయూసీయే సరి అని ఆయన అనుకుంటే అందులో ఎలక్ట్రానిక్స్ ఉన్న గ్రూపు దొరికే కాలేజీని వెతకండి, బీఈలో ఎలక్ట్రానిక్స్ తీసుకోవచ్చు. అలా చేసినా అబ్బాయికి నష్టమేమీ లేదు.

దానికంటే ముందు, ఈ ఉత్తరం చదివిన రోజునే, మీ అబ్బాయిని పక్కింటికి పంపండి. ఫార్మాట్ చేసేటప్పుడు ఫైళ్ల సంగతి అడగలేదని తనే చెప్పి, ఏవైనా పోయాయేమో కనుక్కోమనండి. పోయి ఉంటే, ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్నది పాత రకం హార్డ్ డిస్క్ అయితే దాన్ని వెంటనే వాడడం ఆపి, డేటా రికవరీ తెలిసినవారికి ఇవ్వమనాలి. కొత్తవి రాసుకున్న కొద్దీ పాతవి చెరిగిపోతాయి కాబట్టి ఇందులో రోజులు లెక్కకు వస్తాయి. కొత్త రకం డిస్కు ఎస్‌ఎస్‌డీ అయితే తిరిగి దొరికే ఆశ చాలా తక్కువ, ఆ మాట కూడా దాచకుండా వారికి చెప్పమనండి.