సిక్లిడ్ల ట్యాంకులో పీహెచ్ ఎందుకు నిలవదు?

ఆఫ్రికాలోని మలావీ సరస్సుకు చెందిన సిక్లిడ్ చేపలున్న ట్యాంకులో, పీహెచ్ పెంచే మందు కలిపిన రోజు 8.4 చూపిన పీహెచ్ (నీటి ఆమ్ల-క్షార స్థాయి) కొన్నాళ్లకే 7.4కు ఎందుకు దిగుతుందన్నది ప్రశ్న. పైకి కనిపించేది పీహెచ్ పతనమే అయినా, లోపల తరిగిపోయేది కార్బొనేట్ కాఠిన్యం, అంటే కేహెచ్ (ఆమ్లాన్ని అణచే బైకార్బొనేట్ నీటిలో ఎంత ఉందో తెలిపే కొలత). చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియాను ఫిల్టరులోని బాక్టీరియా నైట్రేటుగా మార్చేటప్పుడు ఆమ్లం పుడుతుంది. దాన్ని అణచడానికి నీటిలోని బైకార్బొనేట్ రోజూ కొంత ఖర్చవుతుంది, ఆ నిల్వ అడుగంటగానే పీహెచ్ జారిపోతుంది. ఆర్వో నీటిలో బైకార్బొనేట్ దాదాపు ఉండదు కనుక, ఆ నీళ్లు పోసేవారికి ఈ ఇబ్బంది మరీ త్వరగా ఎదురవుతుంది.

అందువల్ల పీహెచ్ పెంచే సీసా మందుల కన్నా, బైకార్బొనేటే అయిన వంటసోడాయే మేలని నా అభిప్రాయం (బేకింగ్ పౌడరు వేరు, దాని జోలికి పోవద్దు). 50 లీటర్లకు 6 గ్రాములు వేస్తే కేహెచ్ సుమారు 4 డిగ్రీలు పెరుగుతుంది. దానిని ట్యాంకులో నేరుగా చల్లకుండా, మార్చబోయే నీటిలో, బకెట్లోనే పూర్తిగా కరిగించి నెమ్మదిగా పోయాలి. ఫిల్టరులో ఉంచిన పగడపు ముక్కలు కాల్షియాన్ని కూడా ఇస్తాయి గానీ, పీహెచ్ 8 దాటాక అవి కరగడం బాగా మందగిస్తుంది గనుక వాటినే నమ్ముకుని కూర్చోకూడదు.

పడిపోయిన పీహెచ్‌ను ఒక్క పూటలో పైకి లాగడం మాత్రం ప్రమాదకరం. నీరు 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉన్నప్పుడు, మొత్తం అమ్మోనియాలో విషపూరితమైన భాగం పీహెచ్ 7.25 దగ్గర సుమారు 1 శాతమే, 8.25 దగ్గర 9 శాతం. కాబట్టి సోడా కలిపే ముందు అమ్మోనియా పరీక్ష చేసి, అది సున్నా చూపితేనే ముందుకు వెళ్లాలి.