డాలర్ మూడు రూపాయలు తగ్గితే మగ్గం మీద లాభం ఎంత పోతుంది?

ప్రశ్న: మాది చౌటుప్పల్ దగ్గర ఊరు. మా మామగారి కాలం నుంచి ఇక్కత్ నేత మాది. ఇప్పుడు మా కింద 14 మగ్గాలు నడుస్తున్నాయి. నాలుగేళ్లుగా జర్మనీలో ఒక షాపుకి బట్ట పంపుతున్నాం, బిల్లు డాలర్లలో వేస్తాం. ఏడాదికి రెండు ఆర్డర్లు వస్తాయి. ఈసారి 20,000 డాలర్ల ఆర్డర్ ఒప్పుకున్నాక డాలర్ మూడు రూపాయలు తగ్గింది. బట్ట ఇంకా మగ్గాల మీదే ఉంది, డబ్బు రావడానికి రెండు నెలలు పడుతుంది. రూపాయి బలపడటం దేశానికి మంచిదని టీవీలో చెబుతున్నారు, మాకేమో నిద్ర పట్టడం లేదు. డబ్బు వచ్చాక డాలర్లుగానే ఉంచి, రేటు పెరిగాక మార్చుకుందామని మా ఆయన అంటున్నారు. ధర పెంచమని షాపు వాళ్లను అడగాలని నాకుంది కానీ ఆర్డర్ పోతుందేమోనని భయం. మా మరిది దుబాయ్ నుంచి నెలకు 2,000 దిర్హామ్‌లు పంపుతాడు. పెద్దబ్బాయి వచ్చే ఏడాది ఎంఎస్‌కి అమెరికా వెళ్తానంటున్నాడు. మేం ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీ టెన్షన్ అర్థమైంది. ముందు దాన్ని అంకెల్లో పెట్టి చూద్దాం. డాలర్ మూడు రూపాయలు తగ్గిందంటే వార్తల్లో చిన్న మాటే, మీ మగ్గాల దగ్గర మాత్రం చాలా పెద్ద మాట.

మీరు రేటు రాయలేదు కాబట్టి ఆర్డర్ ఒప్పుకున్న రోజు డాలర్ 88, ఇప్పుడు 85 అనుకుందాం. రూపాయి బలపడటమంటే ఈ అంకె తగ్గడమే. 88 చొప్పున మీకు 17,60,000 రూపాయలు రావాలి. నూలు, రంగులు, చిటికి (రంగు అంటకుండా నూలుకు వేసే ముడులు) కట్టినవాళ్లకీ ఆసు పోసినవాళ్లకీ (పేక నూలును మేకుల మీద చుట్టినవాళ్లకీ) నేసినవాళ్లకీ కూలి, సరుకు పంపే ఖర్చు, బ్యాంకు వడ్డీ కలిపి 15,80,000 అయ్యిందనుకుంటే మీకు మిగిలేది 1,80,000. అదే డాలర్ 85 అయితే వచ్చేది 17 లక్షలు, మిగిలేది 1,20,000. డాలర్ తగ్గింది మూడున్నర శాతం లోపే, మీ లాభంలో మాత్రం మూడో వంతు పోయింది. రేటు ఒక్క రూపాయి దిగితే మీకు 20,000 పోతాయి. 79కి వస్తే రెండు నెలలు ఊరికే నేసినట్టు. ఇవి నేను వేసుకున్న అంకెలు. మీ అసలు ఖర్చులతో ఇదే లెక్క ఇవాళే వేసి, లాభం సున్నా అయ్యే రేటు ఎంతో ఖాతా పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. అది తెలియకుండా టీవీలో రేటు చూస్తూ కూర్చుంటే భయం పెరుగుతుందే తప్ప ఏ నిర్ణయమూ తేలదు.

మీకింత గట్టిగా తగలడానికి ఒక కారణం ఉంది. మీ ఆదాయం డాలర్లలో, ఖర్చు దాదాపు మొత్తం రూపాయల్లో. మీ చౌటుప్పల్ చుట్టుపక్కల ఉన్న మందుల ఫ్యాక్టరీలను, జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో ఉన్నవాటిని చూడండి. అక్కడ ముడిసరుకులో కొంత భాగం చైనా నుంచి వస్తుంది, దానికి డాలర్లలో కడతారు. డాలర్ తగ్గితే వాళ్ల అమ్మకంలో పోయేదాంట్లో కొంత కొనుగోలులో తిరిగి వస్తుంది. మీకు ఆ వెసులుబాటు లేదు. మహా అయితే రంగుల్లో కొంచెం కలిసొస్తుంది. డాలర్ తగ్గిందని చిటికి కట్టే ఆమె కూలి తగ్గించలేం, తగ్గించకూడదు కూడా. మిర్యాలగూడలో ధాన్యం రూపాయల్లో కొని బియ్యం డాలర్లలో అమ్మే మిల్లు పరిస్థితీ మీలాంటిదే. పైగా వాళ్లు థాయ్‌లాండ్, వియత్నాం బియ్యంతో పోటీ పడాలి, ధర కాస్త పెరిగినా కొనేవాడు అటు తిరుగుతాడు.

మరి దేశానికి మంచిదంటున్నారే అని అడిగారు. ఆ మాట అబద్ధం కాదు, సగం మాట. మనం వాడే ముడి చమురులో 85 శాతానికి పైగా బయటి నుంచే వస్తుంది, వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. పొలంలో వేసే పొటాష్ కోసమైతే పూర్తిగా విదేశాల మీదే ఆధారపడ్డాం. డాలర్ తగ్గితే వీటన్నిటికీ దేశం కట్టే బిల్లు తగ్గుతుంది, ధరల పెరుగుదల నెమ్మదిస్తుంది, ఎరువుల సబ్సిడీ భారం తేలికవుతుంది. బంకులో పెట్రోలు ధర వెంటనే తగ్గకపోవచ్చు, దాంట్లో పన్నుల వాటా ఎక్కువ. అయినా లాభం ఎక్కడో ఒకచోట చేరుతుంది. ఇబ్బంది ఏమిటంటే ఆ లాభం కోట్ల మందికి తలా కొంచెం పంచుకుపోతుంది, నష్టం మాత్రం మీలాంటి కొద్దిమంది మీదే ఒక్కసారిగా పడుతుంది. అందుకే ఒకే వార్త ఒక ఇంట్లో పండుగ, ఇంకో ఇంట్లో దిగులు.

పత్తి రైతు సంగతి కూడా చెప్పాలి, మన నల్గొండలో ఆ పంట అంత ఎక్కువ. రూపాయి బలపడితే బయటి పత్తి మన స్పిన్నింగ్ మిల్లులకు చౌక అవుతుంది, అప్పుడు ఇక్కడి పత్తికి ఇచ్చే ధర కూడా మెత్తబడుతుంది. మీకు నూలు కాస్త తక్కువకు దొరకవచ్చు, అది మీ పక్క చేను రైతు చేతికి రావలసిన డబ్బే. ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ మద్దతు ధరకు కొంటే అతనికి కింద ఒక ఆసరా ఉంటుంది. మీ డాలర్‌కి అలాంటి మద్దతు ధర లేదు. రూపాయి మరీ వేగంగా కదిలితే రిజర్వ్ బ్యాంకు డాలర్లు కొనో అమ్మో కుదుపు తగ్గిస్తుంది, అంతేగాని ఫలానా రేటు దగ్గర నిలబెడతానని మాటివ్వదు.

ఇప్పుడు మీవారి ఆలోచనకు వస్తాను, ఎందుకంటే అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఎగుమతి చేసేవాళ్లు డాలర్లను ఈఈఎఫ్‌సీ ఖాతాలో (విదేశీ డబ్బును మార్చకుండా అలాగే ఉంచుకునే బ్యాంకు ఖాతా) పెట్టుకోవచ్చు, నిజమే. దాని మీద వడ్డీ రాదు. అదీగాక ఒక నెలలో జమైన డాలర్లలో విదేశీ చెల్లింపులకు అవసరం లేనివాటిని తర్వాతి నెలాఖరుకల్లా రూపాయల్లోకి మార్చేయాలి. అంటే మీ చేతిలో ఉండే గడువు మహా అయితే రెండు నెలలు. ఆ రెండు నెలలూ 17 లక్షలు ఖాళీగా కూర్చుంటాయి, మీకు బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్ట్ (అవసరాన్ని బట్టి వాడుకునే అప్పు) ఉంటే దాని మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఆ వడ్డీ పదిన్నర శాతం అనుకుంటే రెండు నెలలకు దాదాపు 30,000. రేటు రూపాయిన్నర పెరిగితేగాని ఆ వడ్డీ ఖర్చే తీరదు, లాభం ఆ తర్వాతి మాట.

రేటు పెరుగుతుందని ఎవరు చెప్పగలరు? 2025 ఒక్క ఏడాదే చూడండి. ఫిబ్రవరిలో 88 దగ్గరికి వెళ్లిన డాలర్ మే మొదట్లో 84 కిందకి కూడా తొంగిచూసింది, డిసెంబర్‌లో 90 దాటింది. 2013 ఆగస్టు 28న డాలర్ 68 దాటినప్పుడు నాకు తెలిసిన ఒక గల్ఫ్ కుటుంబం 70 అవుతుందని డబ్బు పంపకుండా ఆగింది. అక్టోబర్‌కి రేటు 62 దగ్గరికి పడిపోయింది. అది కూతురి పెళ్లికి దాచిన డబ్బు. ఆ ఇంటి పెద్దాయన ముఖం నాకింకా గుర్తుంది. అందుకే ఈ విషయంలో మొహమాటం లేకుండా చెబుతున్నాను: డాలర్లు పట్టుకుని ఎదురుచూడొద్దు.

అలా అని వ్యతిరేక దిశలో పందెం కాయడం కూడా అంతే చేటు. 2007 జనవరిలో 44 దగ్గర ఉన్న డాలర్ ఏడాది చివరికి 39 దగ్గరికి వచ్చింది. తిరుప్పూర్ బనియన్ల వ్యాపారం విలవిల్లాడింది, కేంద్రం ఆ జూలైలో ఎగుమతి రుణాల వడ్డీలో రెండు శాతం రాయితీ ప్రకటించాల్సి వచ్చింది. ఆ భయంలో కొందరు తమకు అర్థం కాని డెరివేటివ్ ఒప్పందాల (ముందు ముందు డాలర్ రేటు ఎటు పోతుందన్న దాని మీద ఆధారపడే ఒప్పందాలు) మీద సంతకాలు పెట్టారు. 2008 అక్టోబర్‌కి డాలర్ 50 తాకింది. నష్టపోయినవాళ్లు బ్యాంకుల మీద కోర్టులకెక్కారు. మీ బ్యాంకులో ఎవరైనా ‘జీరో కాస్ట్’ (ఖర్చేమీ లేదు) అంటూ చిక్కుముడి కాగితం ముందు పెడితే, దాన్ని మీ ఇంట్లోవాళ్లకు రెండు మాటల్లో మీరే చెప్పగలిగితేనే సంతకం పెట్టండి.

మీకు కావలసింది మామూలు ఫార్వర్డ్ కాంట్రాక్టు. రెండు నెలల తర్వాత వచ్చే డాలర్లను ఫలానా రేటుకు బ్యాంకుకే అమ్ముతానని ఇవాళే రాసుకోవడం, అంతే. మన దగ్గర వడ్డీ రేట్లు అమెరికా కంటే సాధారణంగా ఎక్కువ కాబట్టి ఫార్వర్డ్ రేటు ఇవాళ్టి రేటు కంటే కొన్ని పైసలు ఎక్కువే ఉంటుంది. ఎగుమతిదారుకు అనుకూలమైన ఈ సంగతి చాలామందికి తెలియదు. మీ ఊరి బ్రాంచిలో విదేశీ మారకం పని చేయకపోతే అదే బ్యాంకుకి హైదరాబాద్‌లో ఉన్న ఫారెక్స్ బ్రాంచికి కలపమనండి. మార్కెట్ రేటులో మీరెన్ని పైసలు కోసుకుంటున్నారని సూటిగా అడగండి. అడిగినవాళ్లకు తగ్గిస్తారు. డబ్బు ఫలానా తారీఖునే వస్తుందని చెప్పలేం కాబట్టి, ఒక నెల వ్యవధిలో ఏ రోజైనా డాలర్లు ఇచ్చేలా రాయించుకోండి.

మొత్తం 20,000 డాలర్లకూ చేయొద్దు, 12,000కి చేయండి. సరుకు ఆలస్యమైనా, షాపువాళ్లు కొంత వెనక్కి పంపినా ఒప్పందం రద్దు చేసుకోవాల్సి వస్తే తేడా మీరే కట్టాలి, అది ఒక కారణం. రెండో కారణం మీ ఇంట్లోనే ఉంది, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించిందీ అదే. మీ మరిది పంపే దిర్హామ్ కూడా డాలర్ లాంటిదే. 1997 నుంచి ఒక డాలర్‌కు 3.6725 దిర్హామ్‌లని యూఏఈ కట్టేసి ఉంచింది. డాలర్ 88 నుంచి 85కి వస్తే ఆ 2,000 దిర్హామ్‌లలోనూ నెలకు దాదాపు 1,600 రూపాయలు తగ్గుతాయి. అంటే మీ ఇంటికి వచ్చే రెండు ఆదాయాలూ ఒకే వైపు ఊగుతాయి. పెద్దబ్బాయి చదువు దానికి ఎదురు వైపు. ఫీజు, తిండి, గది కలిపి ఏడాదికి 40,000 డాలర్లు అనుకుంటే, డాలర్ ఒక్క రూపాయి తగ్గినా మీకు 40,000 రూపాయలు మిగులుతాయి. ఏడాదికి మీ రెండు ఆర్డర్ల విలువా అంతే. వ్యాపారంలో పోయింది చదువు ఖర్చులో తిరిగి వస్తుంది. టైము మాత్రం కలవదు. కూలి డబ్బులు ఈ నెలే ఇవ్వాలి, అబ్బాయి వెళ్లేది వచ్చే ఏడాది. అందుకే దగ్గరి ఖర్చులకు సరిపడా రేటు కట్టేసుకుని, మిగతాది వదిలేయమంటున్నాను. ఆ అబ్బాయి వెళ్లాక డాలర్ పెరిగితే, మీ ఆర్డర్ల డబ్బు కూడా దాంతోపాటే పెరుగుతుంది.

ఇక ధర సంగతి. అడగడానికి భయపడొద్దు, కానీ అడిగే ముందు యూరో రేటు ఒకసారి చూడండి. రూపాయి నిజంగా బలపడిందా, లేక డాలరే అన్ని దేశాల దగ్గరా నీరసపడిందా అన్నది అక్కడ తెలుస్తుంది. 2017లో డాలర్ 68 నుంచి 64 దగ్గరికి పడింది, రూపాయి బలపడిందని అందరూ అన్నారు. అదే ఏడాది యూరో 71 దగ్గర మొదలై 76 దాటింది. అలాంటి ఏడాదిలో జర్మనీ షాపుకి మీ 20,000 డాలర్ల బిల్లు ముందుకంటే తక్కువ యూరోలకే దొరుకుతుంది. మీకు తగ్గింది, వాళ్లకు కలిసొచ్చింది. ఇప్పుడూ అదే జరుగుతుంటే, ఆ మాటే మర్యాదగా రాసి, వచ్చే ఆర్డర్ నుంచి బిల్లు యూరోల్లో వేస్తామనండి. ఈ ఆర్డర్‌కి ఒప్పుకున్న ధర మార్చమని మాత్రం అడగొద్దు, నాలుగేళ్ల నమ్మకం అది. యూరో కూడా పడిపోతుంటే ధర పెంచమనడం కష్టమే, అప్పుడు 30 శాతం అడ్వాన్స్ అడగండి. వడ్డీ తగ్గుతుంది, ఆ మేరకు డాలర్లు ముందే చేతికొస్తాయి. వాళ్లకు అచ్చు వేసిన నకిలీ ఇక్కత్ ఎక్కడైనా దొరుకుతుంది, పడుగు, పేక కట్టి రంగుల్లో ముంచిన పోచంపల్లి బట్ట దొరకదు. మిర్యాలగూడ బియ్యానికి లేని బలం మీకు అక్కడుంది.

వచ్చే ఆర్డర్‌కి కొటేషన్ రాసేటప్పుడు ఆ రోజు డాలర్ రేటుకు కాకుండా దానికి రెండు రూపాయలు తక్కువ రేటుకు లెక్క కట్టండి, ‘ఈ ధర 15 రోజులు చెల్లుతుంది’ అని కింద ఒక లైను రాయండి. బ్యాంకుకి వెళ్లేటప్పుడు ఆర్డర్ కాగితం, ఐఈసీ (ఎగుమతి దిగుమతులకు ఇచ్చే కోడ్ నంబరు) కాగితం, పాత ఎగుమతి బిల్లులు పట్టుకెళ్లండి. మీవారిని కూడా వెంట తీసుకెళ్లండి, ఓవర్‌డ్రాఫ్ట్ వడ్డీ లెక్క ఆయన ముందే వేయించండి.