స్పానిష్ చదవబోతున్న అమ్మాయికి పెద్దమ్మ ఉత్తరం

చిట్టితల్లీ,

స్పానిష్ భాషా సాహిత్యాల్లో సీటు వచ్చిందని నువ్వు ఫోన్ చేసిన రోజు నుంచి నా మనసంతా ఆ పుస్తకాల చుట్టూనే తిరుగుతోంది. నువ్వు అడిగిన ప్రశ్నకు మాత్రం ఆ పూట సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "ముందు రెండేళ్లు భాష గట్టిగా నేర్చుకుని, ఆ తర్వాత సాహిత్యం మొదలుపెడితే సరిపోతుంది కదా పెద్దమ్మా?" అన్నావు. సరిపోదమ్మా. ఎందుకో తీరిగ్గా రాస్తున్నాను.

నేను సరిగ్గా అలాగే చేశాను. మొదటి రెండేళ్లు క్రియల పట్టికలు, వ్యాకరణం అభ్యాసాలు. మార్కులు బాగానే వచ్చాయి. మూడో ఏడాది 1554 నాటి 'లాసరియో దె తోర్మెస్' చేతిలో పెట్టారు. రాసిందెవరో ఈనాటికీ తేలని చిన్న పుస్తకం అది. మొదటి పేజీ దాటడానికే నాలుగు రోజులు పట్టింది. భయపడి ఒక అనువాదం తెచ్చుకుని చదివి, పరీక్షలో దాన్నే నమ్ముకుని రాశాను. పేపరు దిద్దిన మేడమ్ మార్జిన్‌లో ఒకే ఒక ప్రశ్న రాశారు: "లాసారో ఈ కథంతా ఎవరికి చెబుతున్నాడు?" అసలు పుస్తకంలో కథ చెప్పే లాసారో ఒక పెద్దమనిషిని 'వుయెస్త్రా మెర్సెద్' అని పిలుస్తూ, తన సంగతి విడమరిచి చెప్పుకుంటూ ఉంటాడు. అంటే 'మీ దయ', మనం 'తమరు' అన్నట్టుగా. అనువాదంలో అది పలచబడిపోయింది, నేను గమనించనే లేదు. ఆ వుయెస్త్రా మెర్సెదే కాలక్రమంలో అరిగి 'ఉస్తెద్' అయింది. మొదటి పాఠంలోనే నేర్పిస్తారు, 'మీరు' అని. ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడుతూ, దానికి 'అతను' అనేటప్పటి క్రియారూపం ఎందుకు వాడాలో నాకు రెండేళ్లూ అర్థం కాలేదు. 'తమ దయ వస్తుందా' అన్న వాక్యంలో వచ్చేది దయే కదా! ఈ సంగతి వ్యాకరణం పుస్తకం కన్నా ఆ పాత కథే బాగా చెబుతుంది. నేనే ఆలస్యంగా విన్నాను.

అందుకని మొదటి నెలలోనే చదవడం మొదలుపెట్టు. పెద్ద నవలలు వద్దు. గ్వాటెమాలా రచయిత ఆగుస్తో మొంతెర్రోసో 1959లో అచ్చువేసిన 'ఎల్ దినోసౌరియో' అనే కథ ఉంది. మొత్తం కథంతా ఏడు మాటలు. ఎవరో నిద్ర లేచారు, డైనోసార్ ఇంకా అక్కడే ఉంది, అంతే. లేవడం జరిగిపోయిన పని కాబట్టి 'దెస్పెర్తో', ఉండడం సాగుతూ ఉన్న స్థితి కాబట్టి 'ఎస్తాబా'. స్పానిష్‌లో భూతకాలం రెండు రకాలని క్లాసులో నెలల తరబడి చెబుతారు, ఇక్కడ రెండూ పక్కపక్కనే నిలబడి కనిపిస్తాయి. పైగా లేచింది ఎవరు? క్రియ ఆ సంగతి చెప్పదు. ఆయనా, ఆవిడా, ఆ డైనోసారేనా? దీన్ని తెలుగులో పెట్టి చూడు. 'లేచాడు' అన్నావంటే ఒక తలుపు మూసేసినట్టే, 'లేచింది' అంటే ఇంకో తలుపు. చివరికి 'నిద్ర లేచేసరికి' అని తప్పించుకోవాలి. నా విద్యార్థులతో ఈ ఏడు మాటల మీద గంట గంటన్నర గడిపిన రోజులున్నాయి, అయినా ఇంకా మిగిలి ఉండేది.

ఇంకో మాట, ఇది మన వాళ్లకు ఎవరూ చెప్పరు. స్పానిష్‌ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకోవద్దు. పాఠ్యపుస్తకం ఇంగ్లీషులోనే ఉండొచ్చు, కానీ నీ తలలో పోలిక తెలుగుతో పెట్టుకో. 'మె గుస్తా' దగ్గర ఇంగ్లీషు మీదుగా వచ్చిన పిల్లలు తడబడతారు. మనకేం, 'నాకు నచ్చుతుంది' అంటాం కదా, అదే అమరిక. 'నేను', 'నువ్వు' చెప్పకుండానే 'వచ్చాను', 'వచ్చావు' అంటే సరిపోయినట్టు అక్కడా క్రియ చివరే మనిషిని చెబుతుంది. త, ద, ప, క శబ్దాలు మన నోటికి ఉన్నవే, ఊపిరి వదలకుండా పలకాలి. 'పెరో' అంటే 'కానీ', 'పెర్రో' అంటే కుక్క. ఆ రెండో రకారానికి నాలుక గట్టిగా అదరాలి. అది కొంచెం సాధన చేయి.

తెలుగు సాయం అన్నిచోట్లా దొరకదు. ఆకలేస్తే వాళ్లు 'తెంగో ఆంబ్రె' అంటారు, ఆకలి నా దగ్గర ఉంది అన్నట్టు. ఇక సబ్‌హుంతివో అనే క్రియారూపం ఉంది, అందరికీ టెన్షన్ పెట్టేది అదే. పట్టిక బట్టీ పట్టే ముందు ఈ రెండు వాక్యాలు చూడు. 'బొమ్మలున్న పుస్తకం కోసం వెతుకుతున్నాను' అనేటప్పుడు 'ఉన్న' అనే చోట 'కె తియెనె' అంటే ఆ పుస్తకం ఏదో నాకు తెలుసు, అది కనబడటం లేదు. 'కె తెంగా' అంటే అలాంటిది ఏదైనా ఫరవాలేదు, ఉందో లేదో కూడా తెలీదు. ఉన్నదానికి ఒక రూపం, మనసులో మాత్రమే ఉన్నదానికి ఇంకో రూపం. 'వస్తే బాగుండు' అనే అర్థంలో 'ఓహలా' అనే మాట వాడి, దాని వెనక ఈ రూపమే పెడతారు. ఓహలా అరబ్బీ నుంచి వచ్చింది, దేవుడు తలిస్తే అని దాని మూలార్థం.

పద్యాలంటే భయపడకు. నువ్వు గురులఘువులు గుర్తుపెట్టిన పిల్లవి. అక్కడ అక్షరాల సంఖ్యే లెక్క, కాకపోతే పాదం చివరి మాటలో ఊనిక ఆఖరి అక్షరం మీద పడితే ఒకటి కలుపుతారు, చివరి నుంచి మూడో అక్షరం మీద పడితే ఒకటి తీసేస్తారు. ఒక మాట అచ్చుతో ముగిసి తర్వాతి మాట అచ్చుతో మొదలైతే రెండూ కలిసి ఒకటే. మన సంధి గుర్తొస్తుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 'రొమాన్సె' అనే పాత గాథల ఛందస్సు. ఎనిమిదేసి అక్షరాల పాదాలు, సరిపాదాల చివర అచ్చులు మాత్రమే కలుస్తాయి, హల్లులు ఏవైనా కావచ్చు. మన ప్రాసలో హల్లు కలవాలి, అచ్చు ఏదైనా ఫరవాలేదు. సరిగ్గా తిరగేసినట్టు! ఇది తెలిసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. కళ్లతో చదివితే ఇది అందదు, పైకి చదవాలి.

పరీక్షల్లో 'కొమెంతారియో దె తెక్స్తో' రాయమంటారు, అంటే ఇచ్చిన భాగాన్ని విశ్లేషించడం. దాదాపు అందరూ చేసే తప్పు ఒక్కటే: కథ తిరిగి చెప్పేస్తారు. నువ్వు ఒక క్రియ పట్టుకో, ఒక సంబోధన పట్టుకో, ఇక్కడ ఇదే ఎందుకు వాడారని అడుగు. 'పందొమ్మిది వందల ఇరవై ఏడు తరం' లాంటి పేర్లు బట్టీ కొట్టి పేజీ నింపొద్దు. 1627లో చనిపోయిన గోంగొరా అనే కవిని మూడు వందల ఏళ్ల తర్వాత కొందరు యువకవులు ఎందుకు తలకెత్తుకున్నారో అర్థమైతే, ఆ పేరు దానంతటదే గుర్తుంటుంది.

నోట్సున్న ప్రతులే తెచ్చుకో. కాతెద్రా అనే ప్రచురణ సంస్థ వాళ్ల 'లెత్రాస్ ఇస్పానికాస్' వరుసలో నల్ల అట్టలతో వచ్చేవి నమ్మదగ్గవి. వాటి ముందుమాటలు చాలా పొడుగ్గా ఉంటాయి, పుస్తకం అయ్యాకే చదువు. లేకపోతే వాళ్ల అభిప్రాయమే నీ అభిప్రాయం అయిపోతుంది. రెండో ఏడాదికల్లా స్పానిష్ నుంచి స్పానిష్‌కే ఉన్న నిఘంటువుకి మారిపో. 1713లో మొదలైన రాయల్ అకాడమీ వాళ్లది ఇంటర్నెట్‌లో ఉచితంగానే ఉంది. సెర్వాంతెస్ నవల 'దోన్ కిహోతె' మొదటి భాగం 1605లో, రెండోది 1615లో వచ్చాయి. ఆ మధ్యలో 1611లో కొవారుబియాస్ అనే ఆయన తన నిఘంటువు అచ్చువేశాడు. ఆ రోజుల్లో ఒక మాటకు అర్థమేమిటో చూడాలంటే నేటికీ దాన్నే తెరుస్తాం. దోన్ కిహోతెను ఒక్క సెమిస్టర్‌లో పరుగెత్తించి చెప్పడం నాకు నచ్చదు. సెలవుల్లో రోజుకొక అధ్యాయం చొప్పున చదువుకో. రెండో భాగం వదలొద్దు. అందులోని మనుషులు మొదటి భాగం చదివేసి ఉంటారు!

ఉచ్చారణ ఏ దేశానిదైనా ఫరవాలేదు, ఒకటి ఎంచుకుని దాని మీద నిలబడు. స్పానిష్ 20 దేశాల్లో అధికార భాష, ఎవరి తీరు వారిది. అర్జెంటీనాలో 'నువ్వు' అనడానికి 'తు' బదులు 'వోస్' అంటారు, క్రియ కూడా మారుతుంది. అది తప్పు స్పానిష్ అని ఎవరైనా అంటే నమ్మకు.

ఉద్యోగం సంగతి మీ అమ్మ అడిగింది కాబట్టి రాస్తున్నా. చివరి ఏడాదిలో దెలె అనే స్పానిష్ భాషా పరీక్ష బీ2 స్థాయిది రాయి, ఆ సర్టిఫికెట్‌కు గడువు ఉండదు. అనువాదం, బోధన, దుబాసీ పని, దేనికైనా పనికొస్తుంది.

ఎప్పుడైనా ఈ చదువు ఎందుకని దిగులేస్తే, 1691లో మెక్సికోలో సోర్ హువానా అనే సన్యాసిని రాసిన ఉత్తరం తియ్యి. చదువు మానుకుని భక్తి మీద మనసు పెట్టమని ఒక బిషప్ ఆడపేరు పెట్టుకుని ఆమెకు రాస్తే, తను చిన్నప్పటి నుంచి ఎలా చదువుకుందో, ఆడవాళ్లు ఎందుకు చదవాలో ఆమె తిరిగి రాసింది. ఇప్పుడే కాదు, నీకు కష్టంగానే ఉంటుంది. కోర్సు మూడో ఏడాదిలో చదువు.

క్లాసులు మొదలైన మొదటి ఆదివారం ఆ ఏడు మాటల కథ దగ్గర పెట్టుకుని నాకు ఫోన్ చెయ్యి. నువ్వు పైకి చదువు, నేను వింటాను. లేచింది ఎవరని నీకనిపించిందో అప్పుడు చెబుదువుగాని.

ప్రేమతో,
మీ పెద్దమ్మ