డీఎన్‌డీ పెట్టాను, అయినా నా వివరాలు బయటికి ఎలా వెళ్తున్నాయి?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది గుంటూరు. మిర్చి యార్డులో ఒక కమీషన్ షాపులో గుమస్తాగా చేస్తున్నాను. పన్నెండేళ్లుగా ఒకే నంబరు, పోస్ట్‌పెయిడ్. ఆరు నెలల నుంచి లోన్ కావాలా, ఇన్సూరెన్స్ కావాలా, ప్లాట్లు చూస్తారా అంటూ రోజుకి ఏడెనిమిది కాల్స్. తెలియని నంబరు అని వదిలేద్దామంటే మాకు ఫోన్ చేసే రైతుల నంబర్లన్నీ తెలియనివే. డీఎన్‌డీ (డు నాట్ డిస్టర్బ్) పెట్టించాక కొంచెం తగ్గాయి. కానీ ఒక సంగతి గమనించాను. సిమ్ తీసుకున్న రోజు షాపు కుర్రాడు నా ఇంటిపేరు ఇంగ్లీషులో ఒక అక్షరం తప్పు కొట్టాడు. ఆ తప్పు ఇప్పటికీ బిల్లు మీద అలాగే వస్తోంది. ఆధార్‌లో, బ్యాంకులో మాత్రం సరిగ్గానే ఉంది. ఈ ఫోన్లు చేసేవాళ్లు నన్ను ఆ తప్పు ఇంటిపేరుతోనే పిలుస్తున్నారు! కస్టమర్ కేర్‌కి మూడుసార్లు చేశాను. ‘మేము ఎవరికీ ఇవ్వం సార్’ అంటారు. ఇకముందు కూడా ఇవ్వొద్దని రాసుకోండి అంటే ‘ఆ ఆప్షన్ మా దగ్గర లేదు’ అంటారు. డల్లాస్‌లో ఉండే మా మేనల్లుడు అక్కడ యాప్‌లోనే ఆపేసుకోవచ్చు అంటున్నాడు. మనకి చట్టం లేదా? నంబరు మార్చేయమంటారా?

జవాబు: నంబరు మార్చకండి. బిల్లు మీద ఇంటిపేరు కూడా ఇప్పుడే సరిచేయించకండి. ఈ రెండూ ముందు చెప్పేస్తున్నాను, ఎందుకంటే చిరాకులో చాలామంది మొదట చేసేవి ఇవే.

ఇలాంటి బాధతో నా దగ్గరికి వచ్చేవాళ్లలో నూటికి తొంభై మంది దగ్గర అనుమానం తప్ప ఇంకేమీ ఉండదండీ. నంబరు ఎక్కడ ఇచ్చారో వాళ్లకే గుర్తుండదు. సూపర్ మార్కెట్‌లో బిల్లు కొట్టే అమ్మాయి అడిగితే చెప్తాం, బట్టల షాపులో లక్కీ డ్రా చీటీ మీద రాస్తాం, ఏదో లోన్ యాప్‌లో వడ్డీ ఎంతో చూద్దామని ఓటీపీ కొడతాం. ఇన్ని చోట్ల ఇచ్చాక ఫలానా ఫోన్ కంపెనీయే బయటపెట్టింది అని రుజువు చేయడం కష్టం. మీకు మాత్రం ఆ షాపు కుర్రాడు తెలియకుండానే మేలు చేశాడు. ఆ తప్పు అక్షరం ఒక్క కంపెనీ రికార్డులోనే ఉంటే, మిమ్మల్ని ఆ తప్పుతో పిలిచేవాడికి ఆ రికార్డు ఎలాగో చేరినట్టే.

ఇక్కడ మీరు నిజం చెప్పాల్సిన ప్రశ్న ఒకటుంది, రేపు అవతలి లాయరు అడిగేది కూడా ఇదే. ఆ ఫోన్ బిల్లుని అడ్రస్ ప్రూఫ్‌గా ఇంకెక్కడైనా ఇచ్చారా? బండి ఫైనాన్స్‌కో, గ్యాస్ కనెక్షన్‌కో, ఇల్లు అద్దెకి తీసుకున్నప్పుడో? ఇచ్చి ఉంటే ఆ తప్పు ఇంటిపేరు అక్కడికీ వెళ్లింది, అప్పుడు రుజువు బలం తగ్గుతుంది. ఇవ్వలేదని గట్టిగా చెప్పగలిగితే మీ కేసు నిలబడుతుంది. కంపెనీ ఇచ్చిందా, సిమ్ అమ్మిన షాపు ఇచ్చిందా, బిల్లులు వసూలు చేసే ఏజెన్సీలో ఎవడో అమ్ముకున్నాడా అనేది మీరు తేల్చక్కర్లేదు. మీ ఒప్పందం కంపెనీతో, ఆ షాపూ ఏజెన్సీ కంపెనీ పెట్టుకున్నవే, వాళ్లు చేసిన దానికి జవాబు చెప్పాల్సింది కంపెనీయే.

ఇప్పుడు డీఎన్‌డీ సంగతి. దీని దగ్గరే చాలామంది పొరపడుతున్నారు. డీఎన్‌డీ అనేది మీకు వచ్చే కాల్స్‌ని ఆపడానికి పెట్టింది, మీ వివరాలు బయటికి పోవడాన్ని ఆపడానికి కాదు. ఇంట్లోకి నీళ్లు వస్తుంటే గుమ్మం దగ్గర గోనెసంచి అడ్డం వేసినట్టు, లీకయ్యే పైపు లీకవుతూనే ఉంటుంది. అయినా గోనెసంచీ కావాలి కాబట్టి చెప్తాను. 1909కి ‘స్టార్ట్ 0’ అని ఇంగ్లీషు అక్షరాల్లో మెసేజ్ పెడితే అన్ని రకాల ప్రచార కాల్స్, మెసేజ్‌లు ఆపమన్నట్టు. బ్యాంకు మెసేజ్‌లు, ఓటీపీలు ఆగవు, ఆ భయం వద్దు, రైతుల కాల్స్‌కీ దీనికీ సంబంధమే లేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనలని 2025 ఫిబ్రవరిలో సవరించింది. ఇప్పుడు కాల్ వచ్చిన 7 రోజుల్లోపు ఫిర్యాదు చేయొచ్చు, అంతకుముందు 3 రోజులే. ప్రచార కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచే రావాలి. మామూలు పదంకెల మొబైల్ నంబరు నుంచి ఎవరైనా లోన్ అమ్మబోతే అది రిజిస్టర్ కాని వ్యాపారం కింద లెక్క, దాని మీద ఫిర్యాదు చేయడానికి మీరు డీఎన్‌డీలో ఉండనక్కర్లేదు కూడా. అయితే ఎప్పుడో ఏదో వెబ్‌సైట్‌లో టిక్కు పెట్టి ‘నాకు కాల్ చేయండి’ అని ఒప్పుకుని ఉంటే, డీఎన్‌డీ ఉన్నా ఆ సంస్థ కాల్ చేయొచ్చు. ఒప్పుకున్న సంగతే మనకి గుర్తుండదు, అదీ బాధ.

లీకయ్యే పైపు సంగతికి వద్దాం. వాట్సాప్‌లో అందరూ పంపుతుంటారు, ప్రైవసీ ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు చెప్పిందని. చెప్పింది, 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీల బెంచి చెప్పింది. కానీ ప్రాథమిక హక్కు ప్రధానంగా ప్రభుత్వం మీద పనిచేస్తుంది, ప్రైవేటు కంపెనీ మీదకి వెళ్లాలంటే మామూలుగా ఒక చట్టం చేతిలో ఉండాలి. మీకు బాగా సరిపోయే చట్టం డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023. దాని ప్రకారం మీ అంగీకారం స్పష్టంగా, మీ అంతట మీరు ఏదో ఒకటి చేసి ఇచ్చినదై ఉండాలి, ముందే టిక్కు పెట్టేసిన డబ్బా చెల్లదు. ఇచ్చిన అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చు, తీసుకోవడం కూడా ఇచ్చినంత సులువుగానే ఉండాలి. నా వివరాలు ఎవరెవరికి ఇచ్చారో చెప్పండి అని మీరు అడగొచ్చు. నోటీసు ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో మీరు కోరుకున్న దానిలో గానీ చదువుకునే వీలు ఇవ్వాలి, అంటే తెలుగులో అడిగితే తెలుగులో ఇవ్వాలి. ఇదంతా చదివి సంతోషపడేలోపే అసలు మాట చెప్పాలి. ఆ చట్టం రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, ఆ నోటిఫికేషన్ ప్రకారం ఈ హక్కులు అమల్లోకి రావడానికి 18 నెలలు గడువు పెట్టారు, అంటే 2027 మే. అందాకా ఆ చట్టం పేరుతో కేసు వేస్తే నిలబడదు. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది, చట్టం 2023 ఆగస్టులోనే పాసయింది, జనం నాలుగేళ్లు కాచుకోవాలా?

ఐటీ చట్టం ఉందిగా అంటారేమో. అందులో 43ఏ సెక్షన్ కింద నష్టపరిహారం ఉంది కానీ అది ‘సున్నితమైన’ డేటాకి, అంటే పాస్‌వర్డులు, బ్యాంకు వివరాలు, ఆరోగ్య సమాచారం లాంటివాటికి. పేరూ నంబరూ దాని కిందికి రావు. 72ఏ సెక్షన్ ఉంది, ఒప్పందాన్ని మీరి మీ వివరాలు బయటపెడితే మూడేళ్ల దాకా జైలు, కానీ మీకు నష్టం చేయాలనో ఎవరికో అక్రమ లాభం రావాలనో, లేదా అలా జరుగుతుందని తెలిసీ చేసినట్టు చూపాలి. మీ దగ్గరున్న సాక్ష్యంతో పోలీసు స్టేషన్‌కి వెళ్లడం ఇప్పుడే తొందరపాటు.

నన్నడిగితే మీ దారి వినియోగదారుల చట్టం. 2019 చట్టంలో 2(47) సెక్షన్ తెరిస్తే అన్యాయమైన వ్యాపార పద్ధతులు అంటే ఏమిటో వరసగా ఉంటాయి, అందులో ఒకటి అచ్చంగా మీ బాధే. వినియోగదారుడు నమ్మకంతో ఇచ్చిన వ్యక్తిగత సమాచారాన్ని, చట్టం అనుమతించిన పద్ధతిలో తప్ప, వేరేవాళ్లకి చెప్పడం. ఈ ఒక్క వాక్యం చాలామంది లాయర్లే చూడరు. టెలికాం గొడవలు మా పరిధిలోకి రావని వెనక్కి పంపే రోజులు కూడా పోయాయి, 2022 ఫిబ్రవరిలో వొడాఫోన్ ఐడియా కేసులో సుప్రీంకోర్టు వినియోగదారుల కమిషన్ వినొచ్చని తేల్చేసింది. మీరు గుంటూరులో ఉంటారు కాబట్టి గుంటూరు జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా సరే. మీరు కట్టిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు.

కానీ రేపే వెళ్లిపోకండి. మీరు చేసిన మూడు ఫోన్ కాల్స్‌కి మీ దగ్గర కాగితం ముక్క లేదు. వాళ్లు ‘మాకు ఎవరూ చెప్పలేదు’ అంటే మీరేం చూపిస్తారు? ‘ఆ ఆప్షన్ లేదు’ అన్న మాటే మీకు బలం, అది రాతపూర్వకంగా రావాలి.

ఈ ఆప్షన్ నిజంగా లేదా అని నేనే చూశాను. మొన్న కోర్టులో మధ్యాహ్నం ఖాళీ దొరికితే నా నంబరుకి ఉన్న కంపెనీ యాప్ తెరిచి కూర్చున్నాను. రీచార్జి చేయడానికి ఒక్క నొక్కు. గోప్యత సెట్టింగులు వెతకడానికి ప్రొఫైల్, అందులో ‘మరిన్ని’, అందులో అన్నిటికంటే కింద, భాగస్వాముల ఆఫర్ల కోసం వివరాల వాడకం అనే మాట. అది ముందే ఆన్‌లో ఉంది, నేనెప్పుడూ పెట్టలేదు. ఆపబోతే ‘మంచి ఆఫర్లు కోల్పోతారు’ అని ఒక తెర. ‘ఉంచండి’ అన్నది పెద్ద రంగు బటన్, ‘ఆపండి’ అన్నది బూడిద రంగులో చిన్న అక్షరాలు. కళ్లజోడు పెట్టుకుంటే గానీ కనపడలేదు. ఇలా జనాన్ని తికమకపెట్టే డిజైన్లని డార్క్ ప్యాటర్న్‌లు అంటారు, కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న పదమూడు రకాలని నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. మీ యాప్‌లోనూ ఇలా ఉంటే మార్చేముందు ఒక్కో తెరకీ స్క్రీన్‌షాట్ తీసుకోండి, తేదీ కనపడేలా.

ఆ తర్వాత ఉత్తరం. కంపెనీ వెబ్‌సైట్‌లో ప్రైవసీ పాలసీ చివర గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) పేరు, ఈమెయిల్, చిరునామా ఉంటాయి. 2011 ఐటీ రూల్స్ ప్రకారం ఆయన నెల రోజుల్లో తేల్చాలి. తెలుగులో రాసినా పర్లేదు, ఇలా రాయండి: ‘నా పేరు, నంబరు, చిరునామా, నేను ఎవరికి ఎంతసేపు ఫోన్ చేశాను, నెట్ ఎంత వాడాను, ఎక్కడెక్కడ తిరిగాను అనే వివరాలను సర్వీసు నడపడానికి, చట్టప్రకారం అధికారులు అడిగినప్పుడు తప్ప మరే పనికీ వాడటానికి గానీ, మీ గ్రూపు కంపెనీలతో సహా ఎవరికైనా ఇవ్వడానికి గానీ నాకు అంగీకారం లేదు. గతంలో ఏ ఫారంలోనైనా, యాప్‌లోనైనా ఇచ్చినట్టుంటే ఈ ఉత్తరంతో వెనక్కి తీసుకుంటున్నాను. ఇప్పటిదాకా ఎవరెవరికి ఇచ్చారు, నేను ఏ తేదీన ఒప్పుకున్నానో చెప్పండి, నేను సంతకం చేసిన దరఖాస్తు కాపీ పంపండి.’ దాని కింద మీ తప్పు ఇంటిపేరు కథ నాలుగు వాక్యాల్లో. ఈమెయిల్ పెట్టండి, కాగితం మీద కూడా పంపండి. రిజిస్టర్డ్ పోస్టుని 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి స్పీడ్ పోస్టులోనే రిజిస్ట్రేషన్ అడిగి, రసీదు ఆ ఉత్తరం జిరాక్సుకే పిన్ను కొట్టి ఉంచండి. ‘అధికారులు అడిగినప్పుడు తప్ప’ అని ఎందుకు రాయించానంటే, కాల్ రికార్డులు రెండేళ్లు దాచడం కంపెనీలకి లైసెన్సు షరతు, పోలీసులు పద్ధతి ప్రకారం అడిగితే ఇవ్వాల్సిందే, దాన్ని మనం ఆపలేం.

అదే రోజు కంపెనీ ఫిర్యాదుల నంబరు 198కి చేసి ఫిర్యాదు నమోదు చేయించి డాకెట్ నంబరు (ఫిర్యాదు నంబరు) రాసుకోండి. జవాబు నచ్చకపోతే 30 రోజుల్లో కంపెనీ అప్పీలు అథారిటీకి వెళ్లొచ్చు, ఖర్చు లేదు, వాళ్లు 39 రోజుల్లో తేల్చాలి. అక్కడికి వెళ్లకపోయినా కమిషన్‌కి వెళ్లే హక్కు పోదు, కానీ వెళ్లి వస్తే మీ ఫైలు బరువు పెరుగుతుంది. ట్రాయ్‌కి నేరుగా రాసి టైమ్ పోగొట్టుకోకండి, ఒక్కొక్కరి ఫిర్యాదు వాళ్లు విచారించరు.

ఈలోపు వచ్చే కాల్స్‌కి ఒక నోటుబుక్ పెట్టండి. తేదీ, టైము, నంబరు, ఏ కంపెనీ తరఫున అన్నారు, ఇంటిపేరు ఎలా పలికారు. ‘మీకు నా నంబరు ఎవరిచ్చారు’ అని నెమ్మదిగా అడగండి, తిట్టకండి, పాపం ఫోన్ చేసే పిల్లలు జీతానికి చేసేవాళ్లు, నెమ్మదిగా అడిగితే కొందరు చెప్పేస్తారు. కాల్ రికార్డు చేస్తే ఆ ఫోన్‌ని అమ్మకండి, రీసెట్ చేయకండి. రికార్డింగుని సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి, దానికి అసలు ఫోన్ మీ దగ్గరుండటం మేలు.

మీ మేనల్లుడి మాట సగం నిజం. అమెరికాలో 1996 టెలికాం చట్టం 222వ సెక్షన్ ఫోన్ వాడకం వివరాలకి రక్షణ ఇస్తుంది. కంపెనీ తన గ్రూపులోనే ఆ వివరాలతో వ్యాపారం చేసుకోవాలంటే నోటీసు ఇచ్చి, మనం కాదనకపోతే సరేనన్నట్టు తీసుకోవచ్చు, మౌనం అర్ధాంగీకారం అన్నట్టు. బయటివాళ్లకి ఇవ్వాలంటే మాత్రం ముందు మన నోటితో సరే అనిపించుకోవాలి. అంత చట్టం ఉండి కూడా, కస్టమర్లు ఎక్కడున్నారో చెప్పే సమాచారాన్ని సరైన అంగీకారం లేకుండా బయటికి ఇచ్చారని 2024 ఏప్రిల్‌లో అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నాలుగు పెద్ద కంపెనీలకి కలిపి దాదాపు 20 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. కంపెనీలు దాని మీద కోర్టులకెక్కాయి. ఆయన్ని కూడా తన యాప్ ఒకసారి తెరిచి ఇంకా ఆఫ్‌లోనే ఉందో లేదో చూసుకోమనండి.

నంబరు ఎందుకు మార్చొద్దన్నానో కూడా చెప్పాలి కదా. పోర్టింగ్ పెట్టుకుని వేరే కంపెనీకి వెళ్లినా పాత కంపెనీ దగ్గరున్న మీ రికార్డు మీతో పాటు రాదు, అక్కడే ఉంటుంది, బయటికి వెళ్లిపోయింది ఎటూ వెళ్లిపోయింది. కొత్త నంబరు తీసుకుంటే పన్నెండేళ్లుగా ఆ నంబరు గుర్తుపెట్టుకున్న రైతులు సీజన్‌లో మీకు దొరక్క ఇబ్బంది పడతారు. తప్పు కంపెనీది అయితే నష్టం మీరెందుకు పడాలి?

కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కూడా చూడండి, మీ వివరాలు బయట తిరుగుతున్నాయి కాబట్టి. మీది కానిది కనపడితే అక్కడే రిపోర్టు కొట్టండి. ఉత్తరం పంపిన నెలకి జవాబు వచ్చినా రాకపోయినా ఆ నోటుబుక్, పోస్టు రసీదు, పాత బిల్లులు రెండు మూడు పట్టుకుని రండి. లక్షల పరిహారం వస్తుందని ఆశ పెట్టను, కానీ ఆ పద్ధతి మానమని ఆదేశం, మానసిక వేదనకి కొంత, ఖర్చులు అడగడానికి వినియోగదారుల చట్టం 39వ సెక్షన్‌లో చోటుంది. బిల్లుల మీద ఇంటిపేరు అప్పుడు సరిచేయిద్దాం.